కాలనీ సిమ్యులేషన్ ఆటల్లో ముసలివాళ్లు: అపోహలు - వాస్తవాలు

కాలనీ సిమ్యులేషన్ ఆటలు తెలియనివారికి ముందుగా ఒక మాట. గుప్పెడు మనుషులతో ఒక ఊరు మొదలవుతుంది. వాళ్లకు తిండి, గూడు, పని చూపించి గడ్డు కాలాలు దాటించడమే ఆట. ఇలాంటి ఆటల్లో పాత్రల వ్యవస్థలు రూపొందించడం నా వృత్తి. పిల్లల గురించి, జబ్బుల గురించి, చివరికి పెంపుడు జంతువుల గురించి కూడా గంటల తరబడి వాదించుకునే డిజైనర్లు ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి "తరవాత చూద్దాం" అంటారు.

ఆ "తరవాత" ఎలా ఉంటుందో పేరున్న ఆటలు చూస్తేనే తెలుస్తుంది. 2018లో వచ్చిన ఫ్రాస్ట్‌పంక్‌లో జనం మూడే రకాలు: కార్మికులు, ఇంజినీర్లు, పిల్లలు. ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్‌లో ఎవరికీ వయసే పెరగదు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో మరుగుజ్జులు 150 ఏళ్లు దాటి బతుకుతారు. జుట్టు నెరుస్తుంది, ముడతలు పడతాయి, పనిలో మాత్రం కుర్రవాడికీ ముసలివాడికీ తేడా కనిపించదు. రిమ్‌వరల్డ్‌లో ముసలితనం అంటే నడుం నొప్పి, శుక్లాలు, చెవుడు, మతిమరుపు, గుండెపోటు. అంటే ఒక జబ్బుల పట్టిక.

అపోహ: పూర్వం మనుషులు ముప్పై, నలభై ఏళ్లకే పోయేవారు. ముసలివాళ్లు లేని ఊరే వాస్తవికంగా ఉంటుంది.

సగటు ఆయుర్దాయం అనే అంకెను అర్థం చేసుకోవడంలో వచ్చిన చిక్కు ఇది. పుట్టిన పిల్లల్లో చాలామంది పసితనంలోనే చనిపోయే సమాజంలో సగటు ముప్పై దగ్గరే ఆగిపోతుంది. ఆ గండం గడిచి పెద్దవాళ్లయినవారి సంగతి వేరు. వేట, సేకరణ మీద బతికే సమాజాల మరణాల లెక్కలను మానవశాస్త్రవేత్తలు మైకేల్ గర్వెన్, హిల్లార్డ్ కాప్లన్ 2007లో ఒకచోట చేర్చి చూశారు. పెద్దవాళ్లలో ఎక్కువమంది చనిపోయే వయసు 72 దగ్గర తేలింది. వేటగాళ్ల ఊరంటూ బొమ్మ గీసి అందులో ఒక్క నెరిసిన తల కూడా పెట్టకపోతే, అది డిజైనర్ తన పని తగ్గించుకోవడమే. చరిత్ర మీదకు నెట్టనక్కర్లేదు.

అపోహ: ముసలి పాత్ర తిండి దండగ.

టాంజానియాలో వేట, సేకరణ మీద బతికే హాడ్జా ప్రజల మధ్య మానవశాస్త్రవేత్త క్రిస్టెన్ హాక్స్ బృందం చేసిన పరిశీలనలను ప్రతి డిజైనరూ ఒకసారి చదవాలి. వయసు మళ్లిన ఆడవాళ్లు గట్టి నేలలోంచి దుంపలు తవ్వుతారు. రోజులో ఆ పనికి పడుచు తల్లులకంటే ఎక్కువ సమయమే పెడతారు. తల్లి చంటిబిడ్డతో ఉన్నప్పుడు, పాలు మానిన పై బిడ్డ ఒళ్లు చేయడం అమ్మమ్మ తెచ్చే తిండిని బట్టి ఉంటుందని ఆ బృందం 1997లో చూపించింది. ఊరికి తరవాతి తరం దక్కాలంటే ఈ ముసలమ్మలు కావాలి. వాళ్లను "తినేవాళ్లు" అనే ఖాతాలో వేసే ఆటకు లెక్కలు రావనే అనాలి.

ఇక ఆట లోపలి లెక్క. వయసు ముందుగా దెబ్బతీసేది నడకను. రిమ్‌వరల్డ్‌లో నడుం నొప్పి వచ్చిన పాత్రకు నడక బాగా మందగిస్తుంది, చేతిపని అంతగా తగ్గదు. ఆ పాత్రకు మంచం, పనిబల్ల, వంటిల్లు పక్కపక్కన కట్టిస్తే నష్టంలో పెద్ద భాగం పూడుతుంది. అదే మనిషిని "ఎలాగూ ఉపయోగం లేదు" అని మూటలు మోయడానికి పెట్టేవాళ్లు రెండు విధాలా నష్టపోతారు. మోత నెమ్మదిగా సాగుతుంది. పైగా ఆ ఆటలో పదో స్థాయి చేరిన నైపుణ్యం వాడకపోతే రోజురోజుకూ తరుగుతుంది. ముప్పై ఏళ్లు వైద్యం చేసిన చేతులు మూటల కింద మొద్దుబారిపోతాయి. ఆ ఆట ముసలివాళ్లకు అన్యాయం చేస్తుందని ఫిర్యాదు చేసేవాళ్లలో సగం మంది ఊరి పటం నేను చూశాను. మంచం ఊరికి ఈ చివర, పనిబల్ల ఆ చివర.

అపోహ: పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే అందరికీ కాస్త సంతోషం పెరిగేలా ఒక బోనస్ ఇస్తే సరిపోతుంది.

ఎక్కువ ఆటలు ఇక్కడే ఆగిపోతాయి. బోనస్ ఇచ్చే తాతకూ, బోనస్ ఇచ్చే పూలకుండీకీ ఆటగాడి దృష్టిలో తేడా ఉండదు. రెండింటినీ ఒక మూల పెట్టి మరిచిపోతాడు. పాత్రకు విలువ రావాలంటే ఆ పాత్ర వల్ల ఆటగాడి నిర్ణయం మారాలి.

ముసలివాళ్ల దగ్గర ఉండి మరెవరి దగ్గరా లేనిది ఏమిటి? అరుదుగా వచ్చే ఆపద తాలూకు జ్ఞాపకం. ఇండోనేషియాలోని సిమెలూ ద్వీపాన్ని 1907లో సునామీ ముంచెత్తింది. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే కొండ ఎక్కాలన్న సంగతి అక్కడ తాతలు మనవలకు కథల్లో, పాటల్లో చెబుతూ వచ్చారు. 2004 డిసెంబర్ 26న మళ్లీ సునామీ వచ్చినప్పుడు, భూకంప కేంద్రానికి అతి దగ్గర్లో ఉన్న ఆ ద్వీపంలో దాదాపు 78,000 మంది జనాభా ఉంటే, చనిపోయినవాళ్లు ఏడుగురు. పక్కనే ఉన్న ఆచే తీరంలో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి.

నేను ఇప్పుడు పనిచేస్తున్న ఆటలో ఈ సంగతినే వ్యవస్థగా మార్చాం. ప్రతి పాత్రకూ తాను బతికి బయటపడిన విపత్తుల జాబితా ఒకటి ఉంటుంది. వరద రావడానికి మూడు రోజుల ముందు నది నీళ్ల రంగు మారుతుంది. తెర మీద హెచ్చరిక ఏదీ రాదు. వరద చూసిన ముసలమ్మ రేవుకు వెళ్తే, బిందె ముంచబోయి ఆగిపోతుంది. ఆమె తల మీద ఒక్క వాక్యం కనిపిస్తుంది: "ఈ రంగు నేను ఎరుగుదును." అంతే. ధాన్యం గట్టు మీదకు చేర్చాలా, కోత ముగించాలా అన్నది ఆటగాడే తేల్చుకోవాలి.

అసలు ఆట ఇక్కడే మొదలవుతుంది. ఆమె ఇంట్లో కూర్చుని నూలు వడుకుతుంటే నదిని చూడదు, హెచ్చరికా రాదు. అందుకని ఆటగాళ్లు ఆమెకు రేవు దగ్గర పని వెతుకుతారు: వలలు అల్లడం, పడవల రాకపోకలు చూసుకోవడం. ఆమెతో ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఆ జ్ఞాపకం "విన్నది"గా చేరుతుంది. విన్నవాళ్లు గుర్తుపడతారు కానీ ఒక రోజు ఆలస్యంగా. ఈ నియమం పెట్టాక మా ఆటను ఆడి పరీక్షించేవాళ్లు పసిపిల్లలున్న ఇంటికి ముసలివాళ్లను మార్చడం మొదలుపెట్టారు. గౌరవించండి అని మేం ఎక్కడా రాయలేదు.

అపోహ: గురువు పాత్ర ఇస్తే చాలు, అంతకంటే ఏం కావాలి?

మంచిదే, నేర్పడం ఉచితమైతే తప్ప. పక్కన నిలబడితే చాలు శిష్యుడికి అనుభవం వచ్చిపడే ఆటలో గురువు కూడా మళ్లీ పూలకుండీయే. కొలిమి దగ్గర శిష్యుడిని పెట్టుకున్న పెద్ద కమ్మరి ఆ ఏడాది తక్కువ నాగళ్లు చేయాలి. చెడిపోయిన ఇనుము ఖర్చులో పడాలి. ఈ ఏటి నాగళ్లా, పదేళ్ల తరవాతి కమ్మరా అనే ప్రశ్న ఆటగాడిని ఇబ్బంది పెట్టాలి. కమ్మరి చెయ్యి వణకడం మొదలైనప్పుడు ఆ ఇబ్బంది ఇంకా పెరగాలి.

అపోహ: వయసు పెరిగే వేగం పెంచితే తరాల కథ దానంతట అదే నడుస్తుంది.

2014లో ఒకే ఒక్క డెవలపర్ తయారుచేసిన బానిష్డ్ దీనికి మంచి పాఠం. అందులో ఆట లోపల ఏడాది గడిస్తే మనుషులకు దాదాపు ఐదేళ్లు మీద పడతాయి. పెద్దయిన పిల్లలు ఖాళీ ఇల్లు దొరికితేనే జంటగా వేరుపడతారు, అప్పుడే వాళ్లకు పిల్లలు. ఆటగాడు కొత్త ఇళ్లు కట్టడం ఆపితే పడుచువాళ్లు అమ్మానాన్నల ఇంట్లోనే ఉండిపోతారు. పుట్టుకలు ఆగిపోతాయి. కొన్నేళ్లు ఊరు కళకళలాడుతూనే ఉంటుంది. తరవాత ఒకే ఈడు ముసలివాళ్లంతా వరసగా పోతారు, పొలాల్లో పనిచేసే చేతులు ఉండవు, ఆకలి మొదలవుతుంది.

ఆ ఆట ఆడినవాళ్లు "ముసలివాళ్లు ఇళ్లు ఆక్రమించుకున్నారు" అని తిట్టుకుంటారు. అసలు కారణం ఒక ఇంటికి ఒకే జంట అనే నియమం. అమ్మమ్మ, కూతురు, అల్లుడు, మనవలు ఒకే కప్పు కింద ఉండే ఇల్లు మనకు కొత్త కాదు. అది ఆ ఆటలో కట్టలేం. మూడు తరాలు పట్టే ఇంటిని నియమాల్లో చేరిస్తే ముసలి జంట అడ్డంకి కాదు, చంటిపిల్లలను చూసుకునే మనుషులు అవుతారు. ఆ మేరకు తల్లి పొలానికి వెళ్లగలుగుతుంది. వయసు వేగం సంగతి ఆ తరవాత చూసుకోవచ్చు.

అపోహ: ఆటగాళ్లు నిర్దయగా ఉంటారు, ముసలివాళ్లను చలిలో వదిలేస్తారు.

వదిలేస్తారు, నియమాలు వదిలేయమని చెబితే. అదే ఆటగాడు వేరే ఆటలో కుంటికుక్క కోసం సగం మందులు ఖర్చుపెడతాడు.

అపోహ: పెద్దల మాట ఎప్పుడూ నిజం కావాలి, లేకపోతే వాళ్లను అవమానించినట్టు.

ఎప్పుడూ నిజం చెప్పే ముసలివాడు పంచెకట్టుకున్న హెచ్చరిక గంట. మనిషిగా కనబడాలంటే అతని అనుభవానికి ఒక కాలం, ఒక చోటు ఉండాలి. మా ఆటలో నదికి ఎగువన ఆనకట్ట కడితే నీళ్ల రంగు మారడానికి కారణం వేరే అయిపోతుంది. ముసలమ్మ మాత్రం పాత లెక్కలోనే ఆగి నిలబడుతుంది. రెండుసార్లు ధాన్యం అనవసరంగా గట్టెక్కించాక ఊళ్లో కుర్రకారు గొణుగుతారు. ఆమె రేవుకు వెళ్లడం తగ్గిస్తుంది. దీనికి పరిష్కారంగా హెచ్చరిక తీసేద్దామని మా బృందంలో కొందరన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆమె వాక్యం పక్కన ఆ వరద ఏ ఏట, నదిలో ఏ మలుపు దగ్గర చూసిందో చిన్న అక్షరాల్లో చేర్చాం. ఆనకట్ట ఎప్పుడు కట్టారో ఆటగాడికి తెలుసు.