హైస్కూలు, ఇంటర్ పిల్లలకి ఏ పుస్తకం ఇవ్వాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో లైబ్రేరియన్‌గా నేను ఎక్కువగా వినే మాట: "సార్, మా గుంటడికి ఒక మంచి పుస్తకం ఇవ్వండి." ఆ గుంటడు పక్కనే నిలబడి దిక్కులు చూస్తుంటాడు. నేను మాట్లాడాల్సింది వాడితో.

అపోహ: మన గురజాడ కదా, కన్యాశుల్కంతోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: ఏడంకాల నాటకం, నూరేళ్ల కిందటి భాష. తొమ్మిదో తరగతి పిల్లకి మొదటే ఇస్తే మధ్యలో వదిలేస్తుంది, మళ్లీ తెలుగు పుస్తకం ముట్టదు. అదే గురజాడ 1910లో రాసిన కథ 'దిద్దుబాటు' కొద్ది పేజీలే. మొగుడికి బుద్ధి చెప్పడానికి భార్య ఆడిన నాటకం చదివి పిల్లలు నవ్వుకుంటారు. తర్వాత చాసో (చాగంటి సోమయాజులు) కథలు. ఆయనా మన ఊరివారే, కథలు చిన్నవి. కన్యాశుల్కం ఎక్కడికీ పోదు, డిగ్రీలో చదువుకోవచ్చు.

అపోహ: ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చదవలేరు.

వాస్తవం: చదవగలరు, కాకపోతే నెమ్మదిగా. సన్న అక్షరాలు, పేజీ నిండా ఒకే పేరా చూస్తే బెదిరిపోతారు. సంభాషణలు ఎక్కువున్న కథ ఇచ్చి చూడండి.

అపోహ: వయసు చూసి పుస్తకం ఇస్తే చాలు.

వాస్తవం: చాలదు. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) అప్పు చుట్టూ అల్లిన కథ 'యజ్ఞం' ముగింపు పెద్దవాళ్లనే కుదిపేస్తుంది. ఎనిమిదో తరగతికి నేనివ్వను. ఇంట్లో అప్పుల గొడవలు వింటూ పెరిగిన ఇంటర్ కుర్రాడు అడిగితే ఇస్తాను. చివర చాలా కష్టంగా ఉంటుందని ముందే చెప్పి, చదివాక వచ్చి మాట్లాడమంటాను. అదే వయసు ఇంకొకడికి అది ఎక్కకపోవచ్చు. అందుకే నేను వయసు కన్నా ముందు "ఈమధ్య నీకు బాగా నచ్చిన సినిమా ఏంటి?" అని అడుగుతాను. దెయ్యాలంటే దెయ్యాలు, క్రికెట్ అంటే క్రికెట్. మూడు పుస్తకాలు బల్ల మీద పెడతాను. పది పేజీల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

అపోహ: కామిక్స్ చదవడం చదువు కాదు.

వాస్తవం: చదవడమే. వాదన అనవసరం.

అపోహ: ఇంటర్‌లో కథలు చదివితే ర్యాంకు పోతుంది.

వాస్తవం: రాత్రి అరగంట కథకి ర్యాంకు పోదు. ఆ అరగంట సెల్లుకి ఎలాగూ పోతోంది కదా!

అపోహ: పుస్తకాలన్నీ కొనాలి.

వాస్తవం: గ్రంథాలయంలో కూర్చుని చదివితే ఖర్చు లేదు. శ్రీకాకుళం వైపు వాళ్లయితే కారా మాస్టారు 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయానికి పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. అక్కడ మాత్రం వాళ్ల బదులు మీరు ఎంపిక చేయకండి.