అమెరికా శివారులో సదస్సు: కారు అద్దెకు తీసుకోవాలా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ట్రావెల్ డెస్క్‌లో నా ఉద్యోగం. అమెరికాలో సదస్సులకు వెళ్ళే సహోద్యోగులకు టికెట్లు, హోటళ్ళు, అక్కడి రాకపోకలు చూసే పని మాది. ఆహ్వానంలో షికాగో అనో డల్లాస్ అనో ఉంటుంది. తీరా చిరునామా చూస్తే అది షాంబర్గ్, రోజ్‌మాంట్, ఇర్వింగ్, ఫ్రిస్కో. అప్పుడు మొదలవుతుంది ప్రశ్న: కారు తీసుకోవాలా, వద్దా? దీని చుట్టూ ఆఫీసులో ఒకరి నుంచి ఒకరికి పాకిన నమ్మకాలు చాలా ఉన్నాయి. కొన్నింటి వల్ల పోయేది డబ్బే. మరికొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: శివారు అంటే కారు లేనిదే అడుగు పడదు

శివారులన్నీ ఒక్క తీరుగా ఉండవు. రోజ్‌మాంట్, షాంబర్గ్ రెండూ షికాగో వాయవ్య శివారులే. రెండూ ఒహేర్ విమానాశ్రయానికి దగ్గరే, రెండు చోట్లా పెద్ద సమావేశ కేంద్రాలు ఉన్నాయి. ఒహేర్ నుంచి రోజ్‌మాంట్‌కు బ్లూ లైన్ రైల్లో ఒక్క స్టేషనే దూరం, ఆ రైలు 24 గంటలూ నడుస్తుంది. అక్కడి డోనాల్డ్ ఇ. స్టీఫెన్స్ కేంద్రం నుంచి కొన్ని హోటళ్ళకు పైవంతెనలు ఉన్నాయి. జనవరి చలిలోనూ బయటికి రాకుండానే గదికి చేరవచ్చు. అక్కడ కారు తీసుకుంటే రోజంతా పార్కింగ్‌లో నిలబెట్టడానికే డబ్బు కట్టాలి.

షాంబర్గ్ సంగతి వేరు. ఒహేర్ నుంచి సుమారు 13 మైళ్ళు, ఐ-90 టోల్ రోడ్డు మీద ప్రయాణం. రోజ్‌మాంట్ స్టేషన్ నుంచి పేస్ సంస్థ ఎక్స్‌ప్రెస్ బస్సులు షాంబర్గ్‌కు వెళ్తాయి కానీ అవి చేరే బస్సు కేంద్రం వుడ్‌ఫీల్డ్ మాల్ దగ్గర ఉంది. మాల్ ఐ-90కి దక్షిణాన, సమావేశ కేంద్రం ఉత్తరాన. సూట్‌కేసు లాక్కుంటూ దాటే దారి కాదది.

డల్లాస్ వైపూ ఇదే తేడా. డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం టెర్మినల్ ఎ దగ్గర ఆరెంజ్ లైన్ రైలు ఎక్కితే ఇర్వింగ్ కన్వెన్షన్ సెంటర్ పేరుతోనే స్టేషన్ ఉంది. విమానాశ్రయానికి ఈ రైలు 2014లో వచ్చింది. అంతకు ముందు వెళ్ళొచ్చిన సీనియర్లు ఇప్పటికీ "ఇర్వింగా? కారు లేకుండా కుదరదు" అంటుంటారు. వారి కాలానికి అది నిజమే. ఫ్రిస్కో మాత్రం ఆ రైలు వ్యవస్థలో సభ్య నగరం కాదు. అక్కడ సదస్సు అంటే రైలు మాట మరచిపోవలసిందే.

అపోహ: మ్యాప్‌లో అర మైలే ఉంది, నడిచి వెళ్ళిపోతాను

నా ఉద్యోగంలో నేను అన్నింటికంటే ఎక్కువగా వాదించేది దీని గురించే.

అర మైలు అంటే 800 మీటర్లు. మన దగ్గర ఎవరూ దూరం అనుకోరు. కానీ అమెరికా శివారు రోడ్లు కార్ల కోసం వేసినవి. హోటల్‌కూ సమావేశ కేంద్రానికీ మధ్య ఆరు, ఎనిమిది వరుసల రోడ్డు ఉండవచ్చు. ఫుట్‌పాత్ కొంతదూరం వచ్చి గడ్డిలో ఆగిపోవచ్చు. హైవే మీదికి ఎక్కే ర్యాంపు దగ్గర నడిచేవారికి సిగ్నలే ఉండకపోవచ్చు. ఉదయం ఎనిమిదింటికి ఆ ర్యాంపు వైపు తిరిగే కారు డ్రైవరు ఎడమ నుంచి వచ్చే వాహనాలను చూస్తాడే కానీ, కుడి పక్కన లాప్‌టాప్ సంచితో నిలబడిన మనిషిని ఊహించడు. పైగా ఎర్ర దీపం ఉన్నా బండి ఆపి, చూసుకుని కుడివైపు తిరగడం ఇల్లినాయ్‌లోనూ టెక్సస్‌లోనూ చట్టబద్ధమే. తిరగవద్దని బోర్డు ఉన్నచోట తప్ప. ఆ సంగతి తెలియని మనవాళ్ళు నడక దీపాన్నే నమ్ముకుని అడుగు వేస్తారు.

అందుకే హోటల్ ఖరారు చేసే ముందు ఒక పని చేయండి. గూగుల్ మ్యాప్స్‌లో స్ట్రీట్ వ్యూ తెరిచి, హోటల్ గుమ్మం నుంచి సమావేశ కేంద్రం గుమ్మం దాకా తెర మీద నడవండి. ఫుట్‌పాత్ ఎక్కడ మాయమవుతుందో, జీబ్రా గీతలు ఎక్కడ లేవో కనబడుతుంది. పది నిమిషాల పని. మా డెస్క్‌లో ఇది చూడకుండా శివారు హోటల్ బుక్ చేయవద్దని కొత్తవాళ్ళకు మొదటి వారమే చెబుతాను.

కారు నిర్ణయం నిజానికి హోటల్ నిర్ణయమే. సదస్సు జరిగే ఆవరణలోనే గది దొరికితే కారు అవసరం చాలావరకు తీరిపోతుంది. షాంబర్గ్‌లో సమావేశ కేంద్రానికి ఆనుకునే హోటల్ ఉంది. అక్కడ గదికి రాత్రికి 40 డాలర్లు ఎక్కువ అవుతుందని రెండు మైళ్ళ అవతలి హోటల్‌కు మారిస్తే, ఆ 40 డాలర్లూ రోజూ రాకపోకలకే పోతాయి. గది ఖర్చు ఒక పద్దులో, కారు ఖర్చు ఇంకో పద్దులో రాసే సంస్థల్లో ఈ నష్టం ఎవరి కంటా పడదు. అకౌంట్స్ వారికి రెండూ కలిపిన మొత్తం చూపించి అనుమతి అడగండి, ఇస్తారు.

ఇక హోటల్ షటిల్. చాలా శివారు హోటళ్ళకు ఉచిత వ్యాను ఉంటుంది. అది విమానాశ్రయానికి మాత్రమేనా, చుట్టుపక్కల కొన్ని మైళ్ళలో ఎక్కడికైనా వస్తుందా, ఏ గంట నుంచి ఏ గంట దాకా తిరుగుతుంది? వెబ్‌సైటులో ఒక్క ముక్క రాసి ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. హోటల్‌కే ఫోను చేసి అడగాలి.

అపోహ: రోజుకు 45 డాలర్లే కదా, క్యాబుల కంటే చవక

తెర మీద 45 కనిపించిందనుకుందాం. విమానాశ్రయంలో తీసుకునే కారుకు పన్నులు, విమానాశ్రయ రుసుములు కలిస్తే బిల్లు బాగా పెరుగుతుంది. రోజు అంటే 24 గంటలు. సోమవారం ఉదయం పదింటికి తీసుకుని గురువారం మధ్యాహ్నం రెండింటికి ఇస్తే మూడు రోజులతో సరిపోదు. మిగిలిన గంటలకు విడిగా వేస్తారు, చాలాసార్లు అది పూర్తి రోజు అద్దెకు చేరుతుంది. ఆపైన హోటల్ పార్కింగ్, పెట్రోలు, బీమా, టోలు.

టోలు గురించి ఒక మాట. మన ఫాస్టాగ్ గేట్ల దగ్గర కనీసం పలకరించడానికి ఒక మనిషి ఉంటాడు. ఇల్లినాయ్ టోల్ రోడ్లు 2020 నుంచి నగదు తీసుకోవడం లేదు, కెమెరా నంబరు ప్లేటు చదివేస్తుంది. అద్దె కారులో ఆ బిల్లు కంపెనీ ద్వారా వస్తుంది, టోలుకు తోడు కంపెనీ సేవా రుసుము కూడా. కొన్ని కంపెనీలు టోలు వాడిన రోజులకే ఆ రుసుము వేస్తాయి, కొన్ని ఒక్కసారి వాడినా అద్దె రోజులన్నింటికీ వేస్తాయి. కౌంటర్‌లో సంతకం పెట్టే ముందు అడగవలసింది ఇదే.

లెక్క తేల్చడానికి నేను వాడే పద్ధతి సులువు. ఈ ప్రయాణంలో మొత్తం ఎన్నిసార్లు బండి ఎక్కాలో కాగితం మీద రాయండి. విమానాశ్రయానికి రానూ పోనూ రెండు. రోజువారీ రాకపోకలు ఎన్ని? రాత్రి భోజనానికి ఎన్ని? సదస్సు ఆవరణలోనే గది ఉంటే మొత్తం నాలుగైదు దాటదు, అప్పుడు ఊబర్ లాంటి రైడ్ యాప్ చవక. రోజుకు నాలుగు చొప్పున నాలుగు రోజులు తిరగాలంటే కారు వైపే మొగ్గుతుంది. ముగ్గురు కలిసి ఒకే కారులో వెళ్తే ఇంకా లాభం, కానీ ఒప్పందంలో పేరున్నవారు మాత్రమే నడపాలి. రెండో డ్రైవరును చేర్చడానికి విడి రుసుము ఉండవచ్చు. పేరు చేర్చకుండా స్నేహితుడికి స్టీరింగ్ ఇచ్చారా, ఏదైనా జరిగితే బీమా వర్తించదు.

అపోహ: ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే చాలు

ఆ పర్మిట్ మీ లైసెన్సుకు అనువాదం లాంటిది. దాని పక్కన అసలు లైసెన్సు కార్డు ఉంటేనే విలువ. మన ఆర్టీఏలో ఫారం 4ఎతో దరఖాస్తు చేస్తే వస్తుంది, ఫీజు 1000 రూపాయలు, చెల్లుబాటు ఒక ఏడాది. బయలుదేరక ముందే తీసుకోవాలి, ఎందుకంటే భారత లైసెన్సుకు అమెరికాలో ఎవరూ ఇవ్వరు. డాలర్లు కట్టించుకుని ఆన్‌లైన్‌లో "అంతర్జాతీయ లైసెన్సు" పంపే సైట్లకు చట్టబద్ధత లేదు. ఫోనులో డిజిలాకర్ చూపిస్తే ఇక్కడి ట్రాఫిక్ పోలీసు ఒప్పుకుంటారు, అక్కడి అద్దె కౌంటర్‌లో ప్లాస్టిక్ కార్డే అడుగుతారు.

కార్డు మాట వచ్చింది కాబట్టి: డిపాజిట్ కోసం అద్దె కంపెనీ మీ పేరున్న క్రెడిట్ కార్డు మీద కొంత మొత్తం నిలిపి ఉంచుతుంది. సంస్థ ఇచ్చే ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డును చాలా కంపెనీలు దీనికి తీసుకోవు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉంచారో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

అపోహ: బీమా అద్దెలోనే కలిసి ఉంటుంది, లేదంటే క్రెడిట్ కార్డు చూసుకుంటుంది

ఇక్కడ రెండు వేర్వేరు బీమాలు ఉన్నాయి. ఒకటి మీరు తీసుకున్న కారుకు జరిగే నష్టానికి. రెండోది మీ వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి. కారు గీసుకుపోతుందేమోనని అందరూ మొదటిదాని గురించే భయపడతారు. నా భయమంతా రెండోదాని గురించే. అమెరికా ఆసుపత్రి బిల్లులు ఎలా ఉంటాయో తెలిసినవారెవరైనా చట్టం కోరే కనీస మొత్తంతో సరిపెట్టుకోరు. అక్కడ ఉండేవారికి సొంత కారు బీమా ఉంటుంది, అది అద్దె కారుకూ పనికి వస్తుంది. సదస్సుకు వెళ్ళిన మనకు అది ఉండదు. మనం తీసుకెళ్ళే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో మన వైద్యానికి కవరు ఉంటుంది కానీ, మనం నడిపిన వాహనం వల్ల ఎదుటివారికి జరిగిన నష్టాన్ని మామూలుగా మినహాయిస్తారు.

బుక్ చేసేటప్పుడు నివాస దేశం భారత్ అని ఎంచుకుంటే రెండు బీమాలూ కలిపిన ధర తరచుగా కనిపిస్తుంది. అమెరికా అని ఎంచుకుంటే ధర తక్కువగా ఉంటుంది, బీమా ఉండదు. తక్కువ ధర చూసి దేశం మార్చి బుక్ చేసేవారు నాకు బాగా తెలుసు. దయచేసి ఆ పని చేయవద్దు. మీ సంస్థకు ఏ అద్దె కంపెనీతోనైనా ఒప్పందం ఉందేమో ముందు అడగండి, ఆ ధరలో బీమా కలిసి ఉండవచ్చు.

అపోహ: దిగగానే కారు తీసుకుని నేరుగా వెళ్ళిపోవచ్చు

హైదరాబాద్ నుంచి షికాగో చేరేసరికి ఇరవై గంటలు దాటుతుంది. వేసవిలో కాలం తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. అక్కడ మధ్యాహ్నం రెండంటే వేసవిలో మన అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ నిద్రమత్తులో అలవాటు లేని కుడివైపు రోడ్డు మీద, హైవే వేగంతో నడపడం నేను ఎవరికీ సిఫారసు చేయను, మా మేనేజర్లకైనా సరే. మొదటి రోజు రైడ్ యాప్‌లో హోటల్ చేరండి, రాత్రి నిద్రపోండి, కారు తప్పనిసరైతే మర్నాడు తీసుకోండి. ఊళ్ళోని అద్దె శాఖల్లో విమానాశ్రయ రుసుము కూడా ఉండదు. అయితే ఆ శాఖలు సాయంత్రం త్వరగా మూసేస్తాయి, చాలావరకు ఆదివారం తెరవవు. సమయాలు చూసుకుని బుక్ చేయండి.

ఇంకో మాట మొహమాటం లేకుండా అడుగుతాను: మీరు ఇక్కడ రోజూ కారు నడుపుతున్నారా? లైసెన్సు చేతిలో ఉండి ఏళ్ళ తరబడి ఆఫీసు క్యాబులో తిరిగేవారు మనలో ఎందరో. అక్కడ నాలుగు వైపులా ఆగే కూడలిలో ముందు వచ్చినవారు ముందు వెళ్తారు, హారన్ ఎవరూ కొట్టరు. స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద మామూలుగా ఎదురుగా వచ్చేవారూ ఆగాలి. షికాగో జనవరిలో మంచు ఉంటుంది. మంచు మీద ఎప్పుడూ నడపనివారు ఆ నెలలో మొదలుపెట్టవద్దు.

అపోహ: సదస్సు అయ్యాక తిరగాలంటే మొదటి రోజు నుంచే కారు ఉండాలి

అరోరాలోని బాలాజీ గుడికి వెళ్ళాలి, నేపర్‌విల్‌లో పిన్నిగారి ఇంటికి వెళ్ళాలి, డల్లాస్ అయితే ఫ్రిస్కో హనుమంతుడి గుడికి వెళ్ళాలి. ఎవరికైనా ఉండే కోరికే. షాంబర్గ్ నుంచి అరోరాకు రైలూ బస్సూ మారుతూ వెళ్ళడం దాదాపు రోజంతా పడుతుంది, అక్కడ కారు నిజంగా అవసరం. కానీ దానికి చివరి ఒక్క రోజు తీసుకుంటే సరిపోతుంది. ఆ ఒక్క రోజు సొంత ఖర్చుగా చూపించాలి. సంస్థ బీమా అధికారిక పనికే వర్తిస్తుందేమో కూడా తెలుసుకోండి. చుట్టాలు వచ్చి తీసుకెళ్తామంటే మొహమాటపడకుండా ఒప్పుకోండి.

అపోహ: రైడ్ యాప్ ఎప్పుడైనా దొరుకుతుంది

ఊరి మధ్యలో దొరుకుతుంది. శివారులో తెల్లవారుజామున నాలుగింటికి దొరుకుతుందని భరోసా లేదు. సదస్సు ముగిసిన పది నిమిషాల్లో వందలమంది ఒకేసారి ఫోను తీస్తారు, ఛార్జీ రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. అరగంట ఆగి కాఫీ తాగి బయలుదేరితే మామూలు ధరకు వస్తుంది. తెల్లవారుజాము విమానం ఉంటే ముందు రాత్రే హోటల్ రిసెప్షన్‌లో షటిల్‌కు పేరు రాయించండి.

కారు తీసుకున్నవారికి చివరగా పెట్రోలు సంగతి. నిండు ట్యాంకుతో ఇస్తే నిండుగా తిరిగి ఇవ్వాలి. పంపు దగ్గర కార్డు పెట్టగానే అయిదంకెల జిప్ కోడ్ అడుగుతుంది, మన కార్డుకు అది ఉండదు. లోపలి దుకాణానికి వెళ్ళి పంపు నంబరు చెప్పి ముందే డబ్బు కట్టాలి, ఎక్కువ కట్టినా మిగిలినది తిరిగి ఇస్తారు. ఎలక్ట్రిక్ కారు ఇస్తామంటే, హోటల్‌లో ఛార్జర్ ఉందని రూఢి అయితేనే ఒప్పుకోండి. తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ నాలుగు వైపులా ఫోటోలు, పెట్రోలు ముల్లు, మీటరు అంకె తీసి ఉంచుకోండి. డిపాజిట్ విడుదలైనా వాటిని వెంటనే చెరిపేయవద్దు, టోలు బిల్లులు కొన్ని వారాల తర్వాత కూడా వస్తుంటాయి.