‘జానపదం’ అని ఒక్క మాట రాస్తే సరిపోతుందా?

గోదావరి పాత పాటలతో కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడల్లా ఒకటే గొడవ. పాట పేరు పక్కన ‘జానపదం’ అని ఉంటుంది. కింద కామెంట్లలో ఎవరో ఒకరు ‘ఇది సీత, అనసూయలు పాడిన పాట కదా’ అంటారు. ‘వాళ్లకు మాత్రం ఎక్కడిది, మా అమ్మమ్మలు పాడుకున్నదేగా’ అని ఇంకొకరు అందుకుంటారు.

ఆ సీత, అనసూయలే జానపదాలు పాడి పేరు తెచ్చుకున్న కాకినాడ వింజమూరి అక్కచెల్లెళ్లు. వాళ్ల గురించి, వాళ్ల మేనమామ, కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ గొడవకు మూలం గ్రామఫోను, రేడియో వచ్చిన రోజుల్లో ఉంది.

డెల్టాలో నాట్ల పాటకు కొలత ఉండదు. ఒకామె ఎత్తుకుంటుంది, వరుసలో ఉన్న ఆడవాళ్లంతా వంత పాడతారు. గట్టు వచ్చేదాకా చరణాలు పుడుతూనే ఉంటాయి. మామ మీద ఒకటి, మేస్త్రీ మీద ఒకటి. అప్పటి గ్రామఫోను రికార్డులో ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. మద్రాసులో ఆకాశవాణి కేంద్రం 1938లో మొదలైంది, బెజవాడలో 1948లో. మైకు ముందు నిలబడాలంటే ఏ చరణం ఉంచాలి, ఏది తీసేయాలి, ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి, వంత ఎక్కడ కలవాలి, అన్నీ ఒకరు కూర్చుని తేల్చాలి. ఇరవై గొంతుల పని రెండు గొంతులు చేయాలి. అక్క ఎత్తుకున్నది చెల్లెలు అందుకుంటే రెండూ ఒకే గొంతులా వినిపించడం వెనక ఉన్నది ఆ కసరత్తే. అనసూయ జానపద గేయాలను సేకరించి స్వరాలతో పుస్తకాలుగా కూడా తెచ్చారు. సీత ‘మా భూమి’ సినిమాకు సంగీతం కూర్చారు. ఇంత పనినీ ‘జానపదం’ అన్న ఒక్క మాట కింద కప్పేయడం అన్యాయం.

పైగా వాళ్లు పాడినవన్నీ పొలాల్లో పుట్టినవి కావు. ‘మొక్కజొన్న తోటలో’ కొనకళ్ల వెంకటరత్నం రాసిన పాట. ఎంత బాగా జనంలో కలిసిపోయిందంటే, రాసినాయన ఉన్నాడన్న సంగతే చాలామందికి తెలియదు. 1925లో పుస్తకంగా వచ్చిన ఎంకి పాటలదీ అదే దారి. వాటిని రాసిన నండూరి సుబ్బారావు పశ్చిమ గోదావరి మనిషి. యాస ఊరిది కాబట్టి పాట కూడా ఊరిదే అనుకున్నారు.

చట్టం మాటకొస్తే, మన కాపీరైటు రచయితకైనా స్వరకర్తకైనా చనిపోయాక 60 ఏళ్లు ఉంటుంది. నండూరి 1957లో పోయారు. కాబట్టి ఎంకి పాటల సాహిత్యం 2018 నుంచి అందరిదీ. అనసూయ 2019లో పోయారు. ఆమె సొంతంగా కట్టిన బాణీలకు 2079 చివరిదాకా హక్కు ఉంటుంది. ఎంకి పాటను కొత్త బాణీలో ఎవరైనా పాడుకోవచ్చు, పాత బాణీ ఎత్తుకుంటే మాత్రం అది ఎవరిదో చూసుకోవాలి. కొత్త ఆల్బమ్ చేసేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

‘మా అమ్మమ్మల పాట’ అనేవాళ్ల మాటలోనూ నిజం ఉంది. పాడేవాళ్లకంటూ చట్టంలో హక్కు వచ్చింది 1994 సవరణతోనే. పొలంలో పాట చెప్పిన ఆడవాళ్ల పేర్లు అంతకుముందు ఎవరూ పెద్దగా రాసుకోలేదు. కానీ ఆ బాధ చూపించి బాణీ కట్టినవాళ్ల పేరు కూడా చెరిపేస్తే అమ్మమ్మలకు దక్కేదేమీ లేదు. లాభం ఆల్బమ్ అమ్ముకునేవాళ్లకే. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఏ ఊళ్లో ఎవరి దగ్గర విన్నది, మొదట ఎవరు పాడారు: ఈ నాలుగూ యూట్యూబ్‌లో పాట కింద రాయడానికి పైసా ఖర్చు లేదు. వాటిలో తెలియనిది ఉంటే ‘తెలియదు’ అని రాయొచ్చు. తెలిసినవాటికి కూడా ‘జానపదం’ అని పెట్టేస్తున్నారు, గొడవంతా దాని గురించే.