తాతగారి స్లైడ్లు పట్టుకుని ఎడారికి: అపోహలు - వాస్తవాలు

పాత స్లైడ్లు (ప్రొజెక్టర్‌లో పెట్టి చూసే ఫిల్మ్ బొమ్మలు), నెగటివ్‌లు స్కాన్ చేయడం నా పని. ఆ ఫొటో తీసిన చోటే మళ్లీ నిలబడి ఇంకో ఫొటో తీయడం నా పిచ్చి. స్కానర్ ముందు పడిన తొందరంతా ఎడారిలో, నెత్తిన ఎండ పెట్టుకుని తీర్చుకోవాల్సి వస్తుందని మెల్లగా తెలిసొచ్చింది. నేను ఎక్కువగా చూసేది అమెరికా నైరుతి ఎడారుల ఫొటోలు. వాటి చుట్టూ తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: డీపీఐ (అంగుళానికి స్కానర్ చదివే చుక్కల సంఖ్య) ఎంత పెంచితే అంత వివరం.

వాస్తవం: 35 ఎంఎం స్లైడ్‌లో బొమ్మ సైజు 24 × 36 మిల్లీమీటర్లు. 4000 డీపీఐతో స్కాన్ చేస్తే సుమారు 2.1 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. చేత్తో పట్టుకుని తీసిన ప్రయాణపు ఫొటోలో అంతకు మించి తవ్వుకోవడానికి సాధారణంగా ఏమీ ఉండదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ పెట్టె మీద 6400 అని ఉన్నా, అది నిజంగా పట్టేది చాలాసార్లు అందులో సగం కూడా కాదు. కాగితం మీది ఫొటోలను స్కాన్ చేయడానికైతే 600 చాలు.

అపోహ: దుమ్ము, గీతల సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

వాస్తవం: మంచి స్కానర్లు దుమ్మును కంటికి కనిపించని పరారుణ కాంతితో పట్టుకుంటాయి. మామూలు కలర్ ఫిల్మ్‌లో రంగులు ఆ కాంతిని వదిలేస్తాయి, దుమ్ము అడ్డుకుంటుంది. కానీ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో వెండే ఆ కాంతిని ఆపేస్తుంది. కొడాక్రోమ్ అనే కొడాక్ వారి స్లైడ్ ఫిల్మ్ కూడా కొంతవరకు అడ్డుపడుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ బొమ్మలో ఉన్నదాన్నే దుమ్మనుకుని చెరిపేస్తుంది. ఒకసారి కొండ అంచున నిలబడ్డ సన్నటి రాతి స్తంభం అలాగే మాయమైంది. ఆ చోటు పట్టుకోవడానికి ఉన్న ఒకే ఒక్క గుర్తు అది! సగం రోజు తిరిగి, చివరికి అసలు స్లైడ్‌ను ఆకాశానికి ఎత్తి చూసుకున్నాను. అప్పటి నుంచి ముందు గాలి బ్లోయర్‌తో దుమ్ము ఊది, ఏ సవరణా లేకుండా ఒక టిఫ్ ఫైల్ (నాణ్యత తగ్గని బొమ్మ ఫైల్) దాచుకుంటున్నాను. మెరుగులన్నీ కాపీ మీదే.

అపోహ: పాతవి కాబట్టి రంగులు వెలిసే ఉంటాయి, ఆటో కలర్ నొక్కితే సరి.

వాస్తవం: చీకట్లో దాచిన కొడాక్రోమ్ దశాబ్దాల తర్వాత కూడా రంగు నిలుపుకుంటుంది. దాన్ని తినేది ప్రొజెక్టర్ వెలుగు. కొడాక్ వారిదే మరో స్లైడ్ ఫిల్మ్, పాత ఎక్టాక్రోమ్ అయితే డబ్బాలో ఉండి కూడా ఎర్రబారుతుంది. అందుకే ముందు మౌంట్ (స్లైడ్ చుట్టూ ఉండే చట్రం) మీద ఫిల్మ్ పేరు చదవాలి. ఇక ఆటో కలర్‌కు ఎర్ర ఇసుకరాయి కనిపిస్తే చాలు, అదేదో లోపమనుకుని కొండను బూడిద చేసి పెడుతుంది.

అపోహ: మౌంట్ మీద అచ్చైన నెలలోనే ఫొటో తీశారు.

వాస్తవం: అది ఫిల్మ్ కడిగిన నెల. తాతగార్లు రీలు అయిపోయేదాకా ఆగేవారు కదా! నేను నీడలనే ఎక్కువ నమ్ముతాను. నీడ దిక్కు, పొడవు చూస్తే ఏ కాలం, ఏ పూట అన్నది ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. కాకపోతే స్లైడ్‌ను తిరగేసి స్కాన్ చేయకుండా ఉండాలి. మెరిసే వైపు నుంచి చూస్తేనే బొమ్మ సరిగా కనిపిస్తుంది. ఊళ్లో అయితే బోర్డు మీది అక్షరాలు తప్పును పట్టించేస్తాయి. ఎడారిలో బోర్డెక్కడ? తిరగబడ్డ కొండ కూడా కొండలాగే ఉంటుంది.

అపోహ: ఎడారి మారదు.

వాస్తవం: యూటా రాష్ట్రంలో ఆర్చెస్ నేషనల్ పార్క్‌లోని వాల్ ఆర్చ్ అనే రాతి తోరణం 2008 ఆగస్టులో ఒక రాత్రి కూలిపోయింది. కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ డ్యామ్ వెనక 1963లో నీళ్లు నిలవడం మొదలయ్యాక ఫొటోల్లోని లోయలు మునిగిపోయాయి. ఈమధ్య మట్టం పడిపోయి వాటిలో కొన్ని మళ్లీ బయటపడ్డాయి. డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన సరస్సు మీది రాళ్లయితే నడుస్తాయి కూడా. పల్చటి మంచు పలకలను గాలి నెడితే అవి రాళ్లను తోస్తాయని 2013 డిసెంబర్‌లో పరిశోధకులు కళ్లారా చూశారు. ఆ రాళ్లను గుర్తుగా పెట్టుకున్నవాడి గతి ఏమిటో ఊహించుకోండి.

అలాగని అన్నీ మారవు. 1889-90లో ఇంజనీర్ స్టాంటన్ బృందం రైలు మార్గం సర్వే కోసం గ్రాండ్ కాన్యన్‌లో ఫొటోలు తీసింది. శతాబ్దం తర్వాత శాస్త్రవేత్త రాబర్ట్ వెబ్ బృందం అవే చోట్ల మళ్లీ తీస్తే, అప్పటి మొక్కల్లో కొన్ని ఇంకా బతికే ఉన్నాయి.

అపోహ: అదే లెన్స్ ఉంటే ఫొటో కలుస్తుంది.

వాస్తవం: కలిపేది లెన్స్ కాదు, కాళ్లు. దగ్గరి బండ అంచు, దూరపు శిఖరం, ఈ రెండూ చూసుకోవాలి. బండతో పోలిస్తే శిఖరం పాత ఫొటోలో కన్నా ఎడమకు కనిపిస్తే మనం కుడికి జరగాలి. కుదిరాక ఫోన్‌తో తీసి కత్తిరించుకున్నా ఫర్వాలేదు.

అపోహ: సరిగ్గా తాతగారు నిలబడ్డ చోటే నిలబడాలి.

వాస్తవం: ఆ చోటు బాటలో ఉంటేనే. బాట పక్కన నల్లగా, గరుకుగా పొక్కినట్టు కనిపించే మట్టి సూక్ష్మజీవులు అల్లుకున్న పొర. ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్లు, దశాబ్దాలు పట్టొచ్చు. పాత ఫొటో తీసేటప్పుడు ఆయన దర్జాగా దాని మీదే నిలబడి ఉంటారు, అప్పట్లో ఎవరు చెప్పారని! మనం బాటలోంచే తీద్దాం. రెండడుగుల తేడా వస్తే రానివ్వండి.