సూర్యుడి మీద పరిశోధనకు తిరుపతి విద్యార్థికి దారి ఎక్కడుంది?

2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ణి పరిశీలించే ఇస్రో ఉపగ్రహం ఆదిత్య-ఎల్1 బయల్దేరిన శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోదే. తిరుపతి చుట్టుపక్కల ఐజర్ (సైన్సు విద్యా పరిశోధన సంస్థ), ఐఐటీ, ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్ ఉంది. అయినా ఇక్కడ ఫిజిక్స్ చదివే పిల్లలు టెలిస్కోప్‌తో సూర్యుడి మీద ప్రాజెక్టు అనగానే బెంగళూరు వైపో, కొడైకెనాల్ వైపో చూస్తారు. ఎందుకలా అంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

ఈ కథ కరువుతో మొదలైంది. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని ధాత కరువు ఊడ్చేసింది. చిత్తూరు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. సూర్యుడి మీద మచ్చలు సుమారు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి కదా, వానలకూ వాటికీ లంకె ఉందేమో చూడాలన్న ఆలోచన ఆ కరువు తర్వాత బలపడింది. అందుకోసం సూర్యుణ్ణి చూసే అబ్జర్వేటరీకి కొండ మీద చోటు వెతికి కొడైకెనాల్‌ను ఎంచుకున్నారు. 1901లో అక్కడ పరిశీలనలు మొదలయ్యాయి. వానల చిక్కుముడి విడలేదు గానీ, 1909లో జాన్ ఎవర్‌షెడ్ అక్కడే సూర్యమచ్చల అంచుల్లో వాయువు బయటివైపు పారుతోందని కనిపెట్టాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అక్కడ జరిగిన రోజువారీ పని. మబ్బు లేని ప్రతి ఉదయం ఒక ఫొటో, దాని మీద తేదీ, సమయం. 1904 నుంచి ఇలా పోగైన బొమ్మల్ని ఇప్పుడు డిజిటల్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. తిరుపతి హాస్టల్ గదిలో కూర్చుని నాలుగు రోజుల బొమ్మలు దించుకుని, ఒకే మచ్చ ఎంత జరిగిందో కొలిస్తే చాలు. భూమి నుంచి చూస్తే సూర్యుడి మధ్యభాగం సుమారు 27 రోజులకోసారి తిరుగుతుందనీ, మధ్యరేఖకు దూరంగా ఉన్న మచ్చల్నీ ఇలాగే కొలిచి పోలిస్తే ధ్రువాల వైపు ఇంకా నెమ్మదిగా తిరుగుతుందనీ లెక్క తేలుతుంది. బీఎస్సీ విద్యార్థి కూడా చేయగల పని ఇది.

అయితే టెలిస్కోప్ ముట్టుకోని విద్యార్థికి డేటాలోని తప్పులు అర్థం కావు. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి కదిలి, సూర్యబింబం అంచు నీళ్ళలో నీడలా వణుకుతుంది. అందుకే పొద్దున్నే తీసిన బొమ్మలు బాగుంటాయి. ఈ సంగతి ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు, ఏ బొమ్మను పక్కన పెట్టాలో తెలిసిపోతుంది.

ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు అలా తయారైనవాడే. తండ్రి పనిచేసిన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలోనే చిన్నప్పుడు టెలిస్కోపులకు అలవాటుపడ్డాడు. 1960లో కొడైకెనాల్‌కు డైరెక్టరుగా వెళ్ళాడు. నక్షత్రాల కోసం చీకటి ఆకాశం వెతుకుతూ అబ్జర్వేటరీకి తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నదీ ఆయనే. సూర్యుడికి ఆ చీకటితో పనిలేదు. తిరుపతి వీధిదీపాలు అడ్డురావు, కాలేజీ మేడ చాలు.

656.3 నానోమీటర్ల ఎర్రకాంతిని మాత్రమే వదిలే హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టర్ ఉన్న చిన్న టెలిస్కోప్‌తో సూర్యుడి మీది జ్వాలలు, నల్లటి తంతువులు కనిపిస్తాయి. ఆ కాంతిలో సూర్యబింబాన్ని ఫొటో తీసే పరికరం ఆదిత్య-ఎల్1లో లేదు. కాబట్టి నేల మీంచి తీసిన బొమ్మ ఉపగ్రహం డేటాకు తోడవుతుంది. వేసవి ప్రాజెక్టుల కోసం బెంగళూరు వెళ్ళడం మంచిదే, కానీ ఆ అవకాశం దొరికేది కొద్దిమందికే. రోజూ పొద్దున ఒక బొమ్మ తీసే పని ఇక్కడి ప్రతి బ్యాచ్‌కీ దొరకాలి.

మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ళ చక్రాల్లో ఇప్పుడు నడుస్తున్న 25వ సూర్యచక్రం ఉచ్ఛదశకు చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. మచ్చలు తగ్గే ఈ ఏళ్ళలో ఇక్కడి కాలేజీ ఒకటి ఈ పని మొదలుపెట్టినా, తర్వాతి చక్రం వచ్చేనాటికి ఆ కాలేజీకి సొంత రికార్డు ఉంటుంది.