రెండు వైపుల నుంచి తవ్విన సొరంగం

1880లో యెరూషలేములో ఒక కుర్రాడు సిలోయము కోనేటి దగ్గర ఆడుకుంటూ సొరంగంలోకి దూరాడు. తడి గోడ మీద అక్షరాల్లాంటి గీతలు కనిపించాయి. పండితులు దీపాలు పట్టుకొచ్చి చూస్తే అవి ప్రాచీన హీబ్రూ లిపిలో ఆరు పంక్తులు. అందులో ఏ రాజు పేరూ లేదు, దేవుడి పేరూ లేదు. ఉన్నదంతా పనివాళ్ల ముచ్చటే. రెండు జట్లు చెరో కొస నుంచి కొండను తొలుచుకుంటూ వచ్చాయి. మధ్యలో ఇంకా మూడు మూరల రాయి ఉందనగా అవతలివాళ్ల కేక ఇవతలికి వినబడింది. ఆఖరికి గునపానికి గునపం ఎదురైంది, నీళ్లు పారాయి.

గీహోను ఊట నుంచి కోనేటి దాకా ఈ సొరంగం పొడవు సుమారు 533 మీటర్లు. అంత దూరానికీ వాలు అడుగు మాత్రమే. పైగా పాములా మెలికలు తిరుగుతుంది. దిక్సూచి కూడా లేని రోజుల్లో రెండు జట్లూ ఎలా కలిశాయన్నది ఇప్పటికీ వాదనే.

యెరూషలేము రాజధానిగా యూదాను ఏలిన హిజ్కియా రాజు కోనేరు, కాలువ కట్టించి పట్టణంలోకి నీళ్లు తెప్పించాడని బైబిల్ రాజుల రెండో గ్రంథం ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది. అష్షూరు (అస్సీరియా) సైన్యం వస్తే దానికి నీళ్లు దొరకకూడదని బయటి ఊటలను పూడ్పించాడన్న సంగతి బైబిల్లోనే దినవృత్తాంతాల గ్రంథంలో ఉంది. మరి ఆ కాలువ ఇదేనా? శాసనంలో రాజు పేరు లేదు కాబట్టి అనుమానానికి చోటుంది. 2003లో శాస్త్రవేత్తలు సొరంగపు గచ్చులో చిక్కుకున్న మొక్కల ముక్కలకు కార్బన్ పరీక్ష చేశారు. కప్పు నుంచి వేలాడే సున్నపురాతి ఊడల వయసును యురేనియం, థోరియంలతో లెక్కగట్టారు. మొక్క చచ్చాకే గచ్చులో కలుస్తుంది, ఊడ సొరంగం తవ్వాకే పెరుగుతుంది. ఈ రెండు హద్దుల మధ్య తేలిన కాలం సుమారు క్రీ.పూ. 700. హిజ్కియా రోజులే.

అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తింది క్రీ.పూ. 701లో. ఆ కథను శత్రువు కూడా రాసుకున్నాడు, అదే మన అదృష్టం. అష్షూరు రాజధాని నీనెవెలో దొరికిన ఆరు ముఖాల మట్టి పట్టకం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో సన్హెరీబు 46 కోట పట్టణాలు పట్టానంటాడు, 2,00,150 మందిని చెరబట్టానంటాడు, హిజ్కియాను యెరూషలేములో ‘పంజరంలో పక్షిలా’ బంధించానంటాడు. అంత గొప్పలు పోయినవాడు యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనడు! బైబిల్ కూడా పట్టణం దక్కిందనే చెబుతుంది. దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మందిని హతం చేశాడన్నది దాని వివరణ. ఆ మాటను ఏ తవ్వకమూ తేల్చలేదు, తేల్చేదీ కాదు. హిజ్కియా చెల్లించిన కప్పం దగ్గర లెక్కలు సగం కలుస్తాయి. బంగారం ఇద్దరి లెక్కలోనూ 30 టాలెంట్లే (టాలెంటు అప్పటి తూకం). వెండి దగ్గరికొస్తే మూల హీబ్రూ 300 అంటుంది, సన్హెరీబు 800 అంటాడు. (తెలుగు బైబిల్లో ఇవి మణుగుల్లోకి మారాయి, అంకెలు తేడాగా కనిపిస్తే కంగారు పడకండి.)

నాకు అన్నిటికంటే యూదాలోని లాకీషు పట్టణం ముఖ్యమనిపిస్తుంది. ఆ పట్టణం గతేమైందో బైబిల్ దాదాపు చెప్పదు. కానీ సన్హెరీబు తన నీనెవె భవనంలో ఒక గది గోడలన్నీ ఆ ముట్టడి బొమ్మలతోనే నింపించాడు. మట్టి రాళ్ల వాలు మీదుగా ఎక్కే ముట్టడి బండ్లు, బండ్ల మీద సామాన్లతో చెరలోకి పోతున్న కుటుంబాలు, సింహాసనం మీద రాజు. ఆ వాలు లాకీషులో నిజంగానే బయటపడింది. చుట్టూ వందల బాణపు ములుకులు దొరికాయి. గెలిచినవాడు బొమ్మ చెక్కించుకున్నాడు, ఓడినవాడు పేరెత్తి వదిలేశాడు, మట్టి ములుకులను దాచింది.

సన్హెరీబును సొంత కొడుకులే చంపారని బైబిల్ అంటుంది, కొడుకే చంపాడని బబులోను వృత్తాంతం కూడా అంటుంది. అయితే అది క్రీ.పూ. 681లో, దండయాత్ర తర్వాత ఇరవై ఏళ్లకు. బైబిల్ చదివితే ఇంటికెళ్లగానే జరిగినట్టుంటుంది.

అన్ని కథలూ ఇలా కలిసిరావు. యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలీయులు చుట్టుముడితే యెరికో పట్టణపు గోడలు కూలాయన్నది బైబిల్ కథ. 1950లలో యెరికోను తవ్విన కాథ్లీన్ కెన్యన్, అక్కడి కోటగోడలు సుమారు క్రీ.పూ. 1550లోనే కూలాయని తేల్చింది. యెహోషువ కాలమని మామూలుగా అనుకునే నాటికి అక్కడ కూలడానికి గోడే లేదు. యెరికోను పట్టుకుని బైబిల్ అంతా కట్టుకథ అనేవాళ్లకూ, సిలోయమును చూపి అంతా అక్షరసత్యం అనేవాళ్లకూ ఒకటే తొందర.

సొరంగంలోని శాసనాన్ని తర్వాత ఎవరో దొంగతనంగా పెకలించారు, అది ముక్కలైంది. అప్పుడు పాలన ఒట్టోమన్లది కాబట్టి ఇస్తాంబుల్ చేరింది, ఇప్పటికీ అక్కడి మ్యూజియంలోనే ఉంది. సొరంగంలో మాత్రం ఊట నీళ్లు ఇంకా పారుతున్నాయి. ఆ నీళ్లలో నడిచి వెళితే సగం దారిలో ఒకచోట గోడ మీది గాట్లు దిశ మార్చుకుంటాయి. జట్లు కలిసింది అక్కడే.