షట్టర్లు దించాక వీధిలో మిగిలేదెవరు? నెల్లూరు నడిబొడ్డుపై అపోహలు – వాస్తవాలు

పాత కట్టడాలను బాగుచేసి మళ్ళీ కాపురాలకు అనువుగా మార్చడం మా వృత్తి. పెద్దబజారు, చిన్నబజారు, స్టోన్‌హౌస్‌పేట, మూలాపేట, సంతపేట ప్రస్తావన వస్తే చాలు, అవే మాటలు వినిపిస్తాయి. ఆ మాటలను నమ్మి తీసుకునే నిర్ణయాల వల్లే ఇంకో మిద్దె ఖాళీ అవుతోంది.

అపోహ: సాయంత్రం ట్రంకురోడ్డులో అడుగు తీసి అడుగు వెయ్యలేం. నడిబొడ్డుకేం తక్కువ?

వాస్తవం: ఏడింటికి కనబడేది కొనుక్కోవడానికి వచ్చిన జనం. తొమ్మిదిన్నరకు వాళ్ళు బండ్లెక్కి వేదాయపాళెం, మాగుంట లేఅవుట్, హరనాథపురం వైపు వెళ్ళిపోతారు. వీధిలో కాపురాలున్నాయా లేదా తేల్చుకోవాలంటే లెక్కపెట్టాలి. వంద మీటర్ల వీధి ముక్క తీసుకోండి. రాత్రి 7కి, 9:30కి, 11కి మూడుసార్లు నడిచి, మేడ మీద వెలుగున్న కిటికీలు ఎన్నో రాసుకోండి. నిలబడి, కూర్చుని మాట్లాడుకునే వాళ్ళను ఒకవైపు, నడిచి వెళ్ళిపోయేవాళ్ళను ఇంకోవైపు వేయండి. మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్ళి ముగ్గున్న గడపలు, పాల ప్యాకెట్ల కోసం తగిలించిన సంచులు లెక్కపెట్టండి. ధనుర్మాసంలో అయితే గొబ్బెమ్మలే చెబుతాయి. కరెంటు మీటర్ల బోర్డు దగ్గర ఎన్ని గృహ కనెక్షన్లు, ఎన్ని వాణిజ్య కనెక్షన్లు ఉన్నాయో చూస్తే అనుమానం తీరిపోతుంది. రంగనాయకులపేట వైపు ఇంకో గుర్తు ఉంది: స్వామి ఊరేగింపు వచ్చినప్పుడు హారతి పళ్ళెంతో ఎన్ని గడపల్లో మనుషులు నిలబడుతున్నారో చూడండి. మూసిన షట్టరు హారతి ఇవ్వదు.

అపోహ: జనానికి అపార్టుమెంట్ల మోజు పుట్టింది, అందుకే పాత ఇళ్ళు వదిలేశారు.

వాస్తవం: మోజు కొంతే. ఎక్కువ ఇళ్ళను ఖాళీ చేయించింది మెట్లు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాగుచేయగలిగింది కూడా ఇదే.

బజారు వీధుల్లో స్థలాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ముఖం పదిహేను ఇరవై అడుగులు, లోతు దానికి నాలుగైదింతలు. ముందు అంగడి, వెనక వంటిల్లు, మధ్యలో మండువా, పెరట్లో బావి, మరుగుదొడ్డి; పక్కగోడ వెంట మెట్లెక్కితే పైన పడకగదులు. అంగడి అద్దె పెరిగేకొద్దీ, ముఖంలో మూడు నాలుగు అడుగులు మింగుతున్న మెట్లు యజమాని కంటికి దండగలా కనబడ్డాయి. వాటిని కొట్టేసి షట్టరును గోడ నుంచి గోడ దాకా పెంచారు. ఇక పైకి పోవాలంటే అంగడి లోపలినుంచే పోవాలి. రాత్రి అంగడి కట్టేస్తే పైన మనిషి ఉండలేడు. ఆ తర్వాత అంగడి వెనక్కి పెరిగి పెరడును కలుపుకుంది, దాంతో మేడకు మరుగుదొడ్డి లేకుండా పోయింది. మండువా మీద రేకులు వేశారు, గదుల్లోకి వెలుతురు ఆగిపోయింది. ఈ మూడూ అయ్యాక ఆ ఇంట్లో ఎవరుంటారు? ‘పైభాగం కూడా మీరే వాడుకోండి’ అని అంగడివాళ్ళకే అప్పగించారు. అది గోడౌన్ అయింది.

గోడౌన్ కావడంలో అపాయం ఉంది. ఇంటి కోసం కట్టే స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోసేలా లెక్కిస్తారు. గోడౌనుకు మన ప్రమాణం ప్రతి మీటరు ఎత్తు సరుకుకూ దాదాపు 240 కిలోలు, మొత్తం మీద కనీసం 750 కిలోలు. కాపురానికి కట్టిన గదిలో బట్టల బేళ్ళు నడుమెత్తు దాటి పేరిస్తే మోయాల్సినదానికంటే ఎక్కువ మోయిస్తున్నట్టే. పాత మద్రాసు టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన కప్పు) అయితే ముందు నష్టపోయేది టేకు దూలాల చివర్లు. గోడలోకి దూరిన చోట చెమ్మ పట్టి లోపల పుచ్చిపోతాయి, బయటికి ఏమీ కనబడదు. సన్నటి స్క్రూడ్రైవరుతో గోడ పక్కన దూలంలో గుచ్చి చూడండి. అర అంగుళం సులువుగా దిగితే దూలం మార్చాల్సిందే.

తిరిగి ఇల్లుగా మార్చాలంటే మొదటి పని వీధిలోకి విడిగా తలుపు. మెట్ల వెడల్పు ఒక మీటరు, మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లకు మించకుండా, అడుగు పెట్టేచోటు 25 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. అంగడికీ మెట్లకూ మధ్య తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టాలి, దానికి అంగడిలోకి తలుపు పెట్టకూడదు. కింద మంటలొస్తే మెట్లే దారి. అదే కారణంగా పెయింట్లు, థిన్నరు, టపాకాయలు, గ్యాసు అమ్మే అంగడి మీద కాపురం పెట్టనే కూడదు. మరుగుదొడ్డికి పాత మద్రాసు టెర్రస్‌ను పగలగొట్టి పల్లం చెయ్యకండి. నేలనే ఒక మెట్టు లేపి దాని కింద 110 మిల్లీమీటర్ల పైపు వేయండి, వాలు నలభైకి ఒకటి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. దాన్ని దూలాల నడిమధ్య కాకుండా రెండు గోడల మీద ఆనే ఇనుప గర్డర్లపై పెట్టాలి. మండువా మీది రేకులు తీసేయడం అన్నిటికంటే చవకైన పని. కానీ అంగడివాళ్ళు ఒప్పుకునేదాకా సమయం పడుతుంది, అందుకే ఆ మాట మొదటి రోజే ఎత్తాలి.

అపోహ: హాస్టళ్ళ నిండా పిల్లలున్నారు, ఆస్పత్రుల చుట్టూ రాత్రంతా జనమే. అదీ జనావాసమేగా?

వాస్తవం: కాదు. హాస్టల్ పిల్లలకు సాయంత్రం స్టడీ అవర్లు, గేటుకు తాళం. వందలమంది నిద్రపోయే భవనమైనా వీధి వైపు ఒక్క అరుగూ ఉండదు. ఆస్పత్రులుండే పొగతోటలో మందుల అంగళ్ళు, టీ బంకులు తెల్లవార్లూ ఉంటాయి, నిజమే, అక్కడ నడిచేవాళ్ళకు అది కొండంత అండ. కానీ అక్కడి జనం రోగి తాలూకు మనుషులు. నాలుగు రోజుల్లో ఊరికి పోతారు. డ్రెయినేజీ పొంగితే ఫిర్యాదు చేసేది, పక్కింటి ముసలామె రెండు రోజులుగా బయటికి రాలేదని తలుపు తట్టేది ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళే. పొగతోటలో షిఫ్టు ముగించే నర్సులు, ల్యాబు టెక్నీషియన్లు మాత్రం ఈ మేడలకు సరైన అద్దెదారులు. వాళ్ళకు నడక దూరంలో గది కావాలి, కారు పార్కింగు అక్కర్లేదు.

అపోహ: ఇళ్ళూ వ్యాపారాలూ కలిస్తే రోజూ తగువులే.

వాస్తవం: తగువు వ్యాపారంతో రాదు, గంటలతో వస్తుంది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 డెసిబెళ్ళు. నివాస ప్రాంతంలో 55, 45. కాపురాలను తరిమేసే చప్పుళ్ళు మూడు: స్టోన్‌హౌస్‌పేటలాంటి హోల్‌సేల్ వీధుల్లో అర్ధరాత్రి లారీల దిగుమతి, పెట్టె లేని జనరేటరు, పడకగది కిటికీ కింద పెట్టిన ఏసీ యూనిట్లు. జనరేటరుకు కవరుంటే మీటరు దూరంలో 75 డెసిబెళ్ళు దాటకూడదు. దిగుమతిని ఉదయం 6 – 8 మధ్యకు మార్చుకోవడం వీధి వర్తకులంతా కూర్చుంటే ఒక సాయంత్రంలో తేలే పని.

అపోహ: కెమెరాలు, పెద్ద లైట్లు పెడితే రాత్రి భయం పోతుంది.

వాస్తవం: ఎత్తయిన స్తంభం మీది తెల్లటి లైటు రోడ్డు మధ్యనే వెలిగిస్తుంది, అరుగుల కింద, సందుల మొగల్లో నీడ ఇంకా చిక్కబడుతుంది. ఇరవై అడుగుల సందుకు నాలుగైదు మీటర్ల ఎత్తులో, దగ్గర దగ్గరగా, పసుపుచాయ లైట్లు మేలు. రేకు షట్టరు బదులు జాలీ షట్టరు పెట్టి లోపల ఒక చిన్న దీపం వదిలేస్తే వీధి గోడలా అనిపించదు. కెమెరా జరిగినదాన్ని రాస్తుంది. పై కిటికీలోంచి ‘ఎవురది?’ అన్న గొంతు జరగకుండా ఆపుతుంది.

అపోహ: ఫుడ్ స్ట్రీట్ పెడితే సరి.

వాస్తవం: పుణుగులు, బజ్జీల బండ్లు మనకెప్పుడూ ఉన్నాయి, ఉండాలి కూడా. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ళకు చోటు నిర్ణయించే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వాళ్ళే. కానీ నీటి కొళాయి, నూనె ఆపే జాలీ గుంత, మరుగుదొడ్డి లేకుండా ముప్పై బండ్లు ఒకేచోట పెడితే మిగిలిన నాలుగు కాపురాలూ వెళ్ళిపోతాయి.

అపోహ: వెళ్ళినవాళ్ళు ఇక రారు.

వాస్తవం: లండన్ నడిబొడ్డున ఉన్న పాత నగరంలో (సిటీ ఆఫ్ లండన్) 1851లో లక్షా పాతిక వేలకు పైగా జనం ఉండేవారు. 2021 జనాభా లెక్కల్లో ఎనిమిదిన్నర వేలు దాటినంత. అలా వదిలేస్తే అలాగే అవుతుంది. మెల్‌బోర్న్ నగరం 1992లో ‘పోస్ట్‌కోడ్ 3000’ పేరుతో ఖాళీ ఆఫీసులను ఇళ్ళుగా మార్చేవాళ్ళకు సాయం మొదలుపెట్టింది, నడిబొడ్డుకు కాపురాలు తిరిగొచ్చాయి. నెల్లూరులో వెళ్ళినవాళ్ళే రానక్కర్లేదు, కొత్తవాళ్ళు వచ్చినా చాలు.

మేడ గోడౌనుగా ఉన్న యజమానులు అంగడి అగ్రిమెంటు తిరగరాసే సమయం కోసం చూడండి. కొత్త కాగితంలో కింది భాగం మాత్రమే అద్దెకని, మెట్ల చోటు, మండువా, పెరడు యజమానివని స్పష్టంగా రాయించండి. మేడకు విడిగా గృహ కేటగిరీ మీటరు పెట్టించండి, లేకపోతే అద్దెకున్నవాళ్ళు వాణిజ్య రేటు కట్టి మూడో నెలకే ఖాళీ చేస్తారు. ఆస్తిపన్ను కూడా నివాసానికీ వ్యాపారానికీ వేర్వేరు రేటు కాబట్టి, వాడకం మారగానే కార్పొరేషన్‌కు రాసివ్వండి. వీధి తలుపు పక్కన కాలింగ్ బెల్లు, ఇంటి నంబరు మరవొద్దు. అవి లేకపోతే రాత్రి పది దాటాక గ్యాసు బండ తెచ్చినవాడూ, అంబులెన్సువాడూ షట్టరు ముందు నిలబడి వెతుక్కోవాల్సి వస్తుంది.